పాత బొలెరో పికప్‌కి కొత్త ఇంజన్: వేయొచ్చా, వేస్తే ఏమవుతుంది? | పర్ణశాల ఎపిసోడ్ పూర్తి టెక్స్ట్

ఈరోజు ఒకటే ప్రశ్న. పాత పికప్ బండికి కొత్త రకం ఇంజన్ వేయొచ్చా? వేస్తే బండి నడుస్తుందా, కాగితాలు నడుస్తాయా, పెట్టిన డబ్బులు తిరిగొస్తాయా?

రీల్స్‌లో మీరు చూసే ఉంటారు. పాత బొలెరో బానెట్ లేపుతారు, లోపల స్కార్పియో ఎంహాక్ ఇంజన్ ఉంటుంది, వెనకాల ఒక మాస్ బీజీఎం. 30 సెకన్లలో అయిపోతుంది. ఆ 30 సెకన్లలో చూపించనిది నేను ఈరోజు చెప్తా. కొంచెం ఓపిక పట్టండి, ఇది రీల్ కాదు.

ఇప్పుడు నేను పర్ణశాలలో ఉన్నా. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు, దుమ్ముగూడెం మండలం, గోదావరి ఒడ్డు. మీలో చాలామంది సీతమ్మవారి నారచీరల గుర్తులు చూడటానికి వచ్చి, ఫొటో దిగి వెళ్లిపోయి ఉంటారు. ఆ గుడి దాటి లోపలికి వస్తే ఇక్కడ బతుకంతా పికప్ బండ్ల మీదే నడుస్తుంది. మిర్చి బస్తాలు ఖమ్మం యార్డుకి పోవాలన్నా, పత్తి పోవాలన్నా, సంతకి సరుకు రావాలన్నా, పెళ్లికి టెంటు సామాను పోవాలన్నా పికప్పే. మనుషుల్ని ఎక్కించకూడదు, అది తప్పు, అయినా ఎక్కిస్తారు. దాని గురించి వేరే ఎపిసోడ్ చేద్దాం.

ఇక్కడ మా పెదనాన్న కొడుకు, నాకు అన్నయ్య, ఆయనకి ఒక బొలెరో పికప్ ఉంది. 2009 మోడల్, డీఐ ఇంజన్, ఏపీ 20 నంబర్. అంటే పాత ఉమ్మడి ఖమ్మం జిల్లా రిజిస్ట్రేషన్. ఆ బండి ఇప్పుడు లోడు లాగట్లేదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అవ్వడానికి ఏడుస్తోంది, నీలం పొగ, తెల్ల పొగ రెండూ. అన్నయ్యకి ఎవరో చెప్పారు: "ఈ డీఐ తీసి పారేయ్, ఎంహాక్ వేయించు, రాకెట్ లాగా పోద్ది" అని. ఆయన దాదాపు ఒప్పేసుకుని నాకు ఫోన్ చేశాడు. "నువ్వు బీటెక్ కదరా, ఏమంటావ్?" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్స్. అయినా మనవాళ్ల దృష్టిలో బీటెక్ అంటే ఫ్యాన్ రిపేర్ నుంచి రాకెట్ దాకా అన్నీ వచ్చినట్టే కదా. సరే, వారం రోజులు కూర్చుని ఇక్కడి మెకానిక్‌తో, భద్రాచలంలో ఇంకో మెకానిక్‌తో మాట్లాడి, కొలతలు తీయించి, చట్టం చదివి, ఈ వీడియో చేస్తున్నా.

ముందు ఒక మాట. ఇంజన్ మార్పిడి అంటే ఏదో దొంగ పని, గల్లీ పని అనుకోకండి. మహీంద్రా కంపెనీ చరిత్రే ఇంజన్ మార్పిడి చరిత్ర. 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టినప్పుడు అవి పెట్రోల్ బండ్లు. తర్వాత మన దేశంలో డీజిల్ కావాలన్నారు. కంపెనీ ఏం చేసింది? తన ట్రాక్టర్‌లో వాడే ఇంటర్నేషనల్ బి-275 డీజిల్ ఇంజన్‌ని జీపులో పెట్టింది. ఆ తర్వాత ఫ్రాన్స్ ప్యూజో డిజైన్ ఎక్స్‌డీపీ డీజిల్ వచ్చింది, ఎంఎం 540 లాంటి జీపులు దాంతోనే తిరిగాయి. ఆ తర్వాత సొంత డీఐ, 2523 సీసీ. మన ఏజెన్సీలో పాత జీపులు చూసిన పెద్దవాళ్లని అడగండి, ఒకే ఆకారం జీపులో ఎన్ని రకాల ఇంజన్లు ఉండేవో చెప్తారు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే 2010లో వచ్చిన థార్. ఒకే బాడీ. ఒక రకంలో పాత 2523 సీసీ డీఐ ఇంజన్, సుమారు 63 హార్స్‌పవర్. ఇంకో రకంలో 2498 సీసీ సీఆర్‌డీఈ, 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్. అంటే పాత బాడీలో కొత్త ఇంజన్‌ని కంపెనీయే పెట్టి అమ్మింది. కానీ ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. సీఆర్‌డీఈ పెట్టినప్పుడు కంపెనీ ఇంజన్ ఒక్కటే మార్చి ఊరుకోలేదు. గేర్‌బాక్స్ కూడా వేరేది ఇచ్చింది. ఫ్యాక్టరీ, ఇంజనీర్లు, టెస్ట్ ట్రాక్ అన్నీ ఉన్న కంపెనీయే ఇంజన్‌తో పాటు గేర్‌బాక్స్ మార్చాల్సి వచ్చిందంటే, చెట్టు కింద షెడ్డులో మనం ఇంజన్ ఒక్కటే మార్చి సరిపెడతామంటే ఎలా?

ఇప్పుడు అసలు తేడా ఏంటో చూద్దాం.

[పాత ఇంజన్ చూపిస్తూ] ఇదీ డీఐ. ఇక్కడ ఇది డీజిల్ పంపు. ఇంజన్ తిరుగుతుంటే పంపు తిరుగుతుంది, పంపు నొక్కితే పైపులోంచి డీజిల్ నాజిల్‌కి పోతుంది, అక్కడ స్ప్రింగ్ తెరుచుకుని లోపలికి చిమ్ముతుంది. అంతా ఇనుము భాష. యాక్సిలరేటర్ ఒక వైరు, అది పంపు మీది లివర్‌ని లాగుతుంది. కంప్యూటర్ లేదు. అడవిలో దారి మధ్యలో ఆగిపోతే, డీజిల్‌లో గాలి వచ్చిందని తెలిస్తే, ఫిల్టర్ దగ్గర చేతి పంపు కొట్టి, నట్టు వదులు చేసి, గాలి తీసి మళ్లీ స్టార్ట్ చేస్తారు. 12 నంబర్ పానా ఒకటి ఉంటే చాలు.

కొత్త రకం కామన్ రైల్. దాంట్లో పంపు పని ఒక్కటే, ఒక లావు పైపులో, అదే రైలులో, డీజిల్‌ని విపరీతమైన ఒత్తిడితో నింపి ఉంచడం. 1600 బార్ దాకా ఉంటుంది. మీ బైక్ టైర్‌లో గాలి 2 బార్ చుట్టుపక్కల ఉంటుంది, ఊహించుకోండి. ఎప్పుడు చిమ్మాలి, ఎంత చిమ్మాలి, ఒక్క స్ట్రోక్‌లో ఎన్నిసార్లు చిమ్మాలి అనేది ఈసీయూ అనే కంప్యూటర్ చెప్తుంది. అందుకే చప్పుడు తక్కువ, పొగ తక్కువ, అదే డీజిల్‌కి పని ఎక్కువ. నిజంగా మంచి టెక్నాలజీ, అందులో సందేహం లేదు. మధ్యలో ఒక జాగ్రత్త: కామన్ రైల్ బండి నడుస్తున్నప్పుడు ఆ పైపు ఎక్కడైనా లీక్ అవుతుంటే వేలు పెట్టి చూడకండి. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కలా కనపడుతుంది, లోపల చెయ్యి పోయేంత పని అవుతుంది. అలా అయితే కట్టు కట్టుకుని పడుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి.

ఇక ఆ ఈసీయూకి ఏమేం కావాలి? క్రాంక్ ఎక్కడుందో చెప్పే సెన్సర్, క్యామ్ సెన్సర్, రైల్ ప్రెషర్ సెన్సర్, నీళ్ల వేడి సెన్సర్, లోపలికొచ్చే గాలి లెక్క. యాక్సిలరేటర్ వైరుతో పనిచేయదు, ఎలక్ట్రానిక్ పెడల్ కావాలి. తాళంచెవిలో చిప్ ఉంటే ఆ చెవి, ఇమ్మొబిలైజర్ కూడా ఆ ఈసీయూకి జత అయి ఉండాలి. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు పాత ప్రాజెక్ట్‌లో ఒక కొత్త లైబ్రరీ పెడదామని కూర్చుంటే, దానికి ఇంకో 40 కావాలని అడిగేది. ఇదీ అంతే. ఇంజన్ ఒక్కటే కొంటే అది ఇనుప ముద్ద. మొత్తం వైరింగ్, ఈసీయూ, పెడల్, చెవి, అన్నీ ఒకే బండిలోంచి తీసినవి కావాలి. విజయవాడ ఆటోనగర్‌లో "ఇంజన్ ఇస్తాం, వైరింగ్ తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి.

సరే, వైరింగ్ కూడా దొరికింది అనుకుందాం. ఇప్పుడు బిగింపు. ఇంజన్ ఫౌండేషన్లు ఛాసిస్ మీద ఉన్న చోటికి రావాలి. ఆయిల్ సంప్ కింద అడ్డ బీమ్‌కి తగలకూడదు. బెల్ హౌసింగ్ గేర్‌బాక్స్‌కి కూర్చోవాలి, ఫ్లైవీల్, క్లచ్ ప్లేటు సరిపోవాలి. ఇంజన్ రెండు అంగుళాలు ముందుకో వెనక్కో జరిగితే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు మారాలి, దాని కోణం మారితే క్రాస్‌లు కొట్టుకుపోతాయి. రేడియేటర్ పెద్దది కావాలి, ఇంటర్‌కూలర్‌కి చోటు కావాలి. చాలామంది మర్చిపోయేది బ్రేక్. డీజిల్ బండిలో బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ ఒక చిన్న పంపు ఇస్తుంది. కొత్త ఇంజన్‌లో ఆ వాక్యూమ్ పైపు సరిగ్గా కలపకపోతే బండి బ్రహ్మాండంగా పోతుంది, ఆగదు.

టార్క్ లెక్క ఒకటి చేద్దాం. భయపడకండి, గుణకారమే. ఈ డీఐ టార్క్ 200 న్యూటన్ మీటర్ల లోపు. 195 అనుకుందాం. 2.2 ఎంహాక్, 120 హార్స్‌పవర్‌ది, 290. మొదటి గేర్ 4 రెట్లు, వెనక క్రౌన్ ఇంకో 4 రెట్లు అనుకుంటే మొత్తం 16 రెట్లు. పాత ఇంజన్ ఫుల్లుగా తొక్కితే వెనక చక్రాలకి 3120. కొత్తదైతే 4640. అంటే సగానికి సగం ఎక్కువ. ఆ ఎక్కువంతా ఎవరు మోయాలి? 15 ఏళ్ల పాత గేర్‌బాక్స్, పాత క్రాస్, పాత క్రౌన్, పాత యాక్సిల్. ఇంజన్ చాలా సంతోషంగా ఉంటుంది. దాని వెనకాల ఉన్నవే ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. సరదాకి తిప్పే జీపు వేరు, 15 క్వింటాళ్ల మిర్చి బస్తాలతో వానలో మట్టి రోడ్డు ఎక్కే పికప్ వేరు.

బ్రేక్ గురించి ఇంకో లెక్క. వేగం 60 నుంచి 80కి పెరిగితే మూడో వంతు పెరిగిందనుకుంటాం. కానీ ఆపాల్సిన శక్తి వేగం స్క్వేర్‌తో పెరుగుతుంది. 80ని 60తో భాగించి స్క్వేర్ చేయండి, 1.78 వస్తుంది. అంటే ఆ బ్రేకులే దాదాపు 78 శాతం ఎక్కువ పని చేయాలి. చర్ల రోడ్డులో ఎదురుగా పశువులు వస్తే తెలుస్తుంది ఈ లెక్క.

డీజిల్ ఆదా అవుతుంది కదా అన్నాడు అన్నయ్య. మంచి ప్రశ్న. నెలకి 2000 కిలోమీటర్లు తిరుగుతుంది అనుకుందాం. ఇప్పుడు లీటరుకి 10 ఇస్తోంది, కొత్త ఇంజన్ 13 ఇస్తుంది అనుకుందాం. 200 లీటర్లు పోయే చోట 154 పోతుంది, నెలకి 46 లీటర్లు మిగులు. లీటరు 95 రూపాయలు వేసుకుంటే 4370. మార్పిడికి మామూలు రిపేర్ కంటే లక్షన్నర ఎక్కువ అయిందనుకోండి, ఆ డబ్బు తిరిగి రావడానికి 34 నెలలు. దాదాపు మూడేళ్లు. ఈ మూడేళ్లలో ఒక్క ఇంజెక్టర్ కూడా పోకూడదు. మన దగ్గర బంకు దూరమైతే డబ్బాల్లో, డ్రమ్ముల్లో డీజిల్ తెచ్చి పోస్తారు. ఆ డీజిల్‌లో నీళ్లు, మట్టి ఉంటే పాత నాజిల్ గొణుక్కుంటూ పని చేస్తుంది. కామన్ రైల్ ఇంజెక్టర్ చేయదు, దానిలోని సందులు మైక్రాన్లలో ఉంటాయి. ఇంకోటి, సెన్సర్ పోతే స్కానర్ కావాలి. రాత్రి పూట, సిగ్నల్ లేని చోట, స్కానర్ ఎక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు కాగితాలు. ఇది శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది మునుగుతున్నారు.

మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52. ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఇదీ మూల సూత్రం. ఆర్‌సీ తీసి చూడండి: ఇంజన్ నంబర్ ఉంటుంది, సీసీ ఉంటుంది, ఇంధనం ఉంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కేరళ నుంచి వచ్చిన ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో ఇదే సెక్షన్ మీద గట్టిగా చెప్పింది: తయారీదారు వివరాలకి విరుద్ధంగా మార్పులు కుదరవని. అదే ఏడాది చట్ట సవరణలో 182ఏ వచ్చింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.

అదే రకం ఇంజన్, అంటే డీఐ తీసి ఇంకో డీఐ వేయడం వేరు. దానికి దారి ఉంది: ముందు ఆర్టీఓ దగ్గర అనుమతి, తర్వాత కొత్త ఇంజన్ నంబర్ ఆర్‌సీలో ఎక్కించుకోవడం. ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు ఉండాలి. ఈ బిల్లు విషయం తేలిగ్గా తీసుకోకండి తమ్ముళ్లూ. దొంగ బండి ఇంజన్ అని తేలితే, తెలిసి కొన్నారని రుజువైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 317 కిందకి వస్తుంది. పాత ఐపీసీలో 411. తెలియదని చెప్పుకోవడానికి మీ చేతిలో ఉండే ఒకే ఒక్క కాగితం ఆ బిల్లు.

"ఎవడు చూస్తాడు అన్నా" అంటారు. సొంత కారు అయితే ఏమో, పికప్ రవాణా వాహనం. 8 ఏళ్లు దాటాక ప్రతి ఏడాదీ ఫిట్‌నెస్‌కి పోవాలి. 2009 మోడల్ అయితే 15 ఏళ్లు కూడా దాటేసింది, అలాంటి వాటికి ఫిట్‌నెస్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం బాగా పెంచింది. ప్రతి ఏడాదీ బండి అధికారి ముందు నిలబడాలి, నంబర్ పోల్చుకుంటారు. అదీ దాటారనుకోండి. యాక్సిడెంట్ జరిగితే? ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చి బానెట్ లేపుతాడు. పాలసీలో ఒక ఇంజన్ నంబర్, బండిలో ఇంకోటి. అక్కడ మొదలవుతుంది అసలు గొడవ. ఎదుటివాడికి దెబ్బ తగిలి కేసు అయితే ఆ డబ్బు మీ పొలం మీద పడే పరిస్థితి రావచ్చు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో భయం వేసేది గేర్‌బాక్స్ గురించి కాదు, దీని గురించే.

కొత్త రకమే కావాలి, ఆగలేం అంటే? అన్నిటికంటే దగ్గరిది మహీంద్రా తర్వాత తెచ్చిన ఎం2డీఐసీఆర్. అదీ 2523 సీసీయే, డీఐ కుటుంబమే, కామన్ రైల్ తొడుక్కుంది. టార్క్ కూడా పాతదానికి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి వెనక సామాను అదిరిపోదు. కానీ సీసీ ఒకటే కదా అని కాగితాలు తేలిక అనుకోవద్దు. రాతపూర్వకంగా ఆర్టీఓ అనుమతి చేతికొచ్చాకే ఇంజన్‌కి అడ్వాన్స్ ఇవ్వండి. రివర్స్‌లో చేయకండి.

ఇక అన్నయ్య బండి దగ్గరికి వద్దాం. అందరం ఇంజన్ మార్చాలా వద్దా అని కొట్టుకుంటున్నాం కానీ, అసలు ఈ ఇంజన్‌కి ఏమైందని ఎవరూ అడగలేదు. పర్ణశాల మెకానిక్ అడిగాడు. వయసు 60 పైనే ఉంటుంది, నన్ను "బాబూ" అంటాడు, ఈసీయూ అనడు, "డబ్బా" అంటాడు. "బాబూ, ఈ బండి 2022 వరదలో మునిగిందా?" అన్నాడు.

మునిగింది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరికే 53 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు మళ్లీ అప్పుడే. దుమ్ముగూడెం మండలంలో ఊళ్లకి ఊళ్లు నీళ్లలో ఉన్నాయి. అన్నయ్య బండి బానెట్ దాకా మునిగింది. నీళ్లు తీశాక ఆయిల్ మార్చి, ఫిల్టర్లు మార్చి స్టార్ట్ చేశారు. స్టార్ట్ అయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

అక్కడే విషయం ఉంది. డీజిల్ ఇంజన్ గాలిని దాదాపు 18వ వంతుకి నొక్కుతుంది. గాలి నొక్కితే నొక్కుకుంటుంది. నీళ్లు నొక్కుకోవు. సిలిండర్‌లో కొంచెం నీళ్లు మిగిలి ఉండగా సెల్ఫ్ కొడితే, పిస్టన్ పైకి వచ్చి గోడకి గుద్దుకున్నట్టు ఆగుతుంది. ఎక్కడో ఒకటి వంగాలి. వంగేది కనెక్టింగ్ రాడ్. ఒక్కోసారి విరగదు, వెంట్రుకవాసి వంగి, అలాగే తిరుగుతుంది. రాడ్ వంగితే పొట్టిదవుతుంది, పిస్టన్ పైదాకా రాదు, కంప్రెషన్ తగ్గుతుంది, డీజిల్ పూర్తిగా మండదు, తెల్ల పొగ. పిస్టన్ ఒక పక్కకి రాసుకుంటుంది, ఆయిల్ పైకి వస్తుంది, నీలం పొగ. రెండేళ్లుగా ఈ బండి చెప్తున్నది ఇదే.

హెడ్ తీశాం. ఒక్కో పిస్టన్‌ని పై చివరికి తెచ్చి డయల్ గేజ్‌తో కొలిచాడు. ఒకటి, రెండు, నాలుగు సమానం. మూడోది కిందే ఆగిపోతోంది. రాడ్ బయటికి తీసి గాజు పలక మీద పెడితే కంటికే తెలిసిపోయింది. వీడియోలో జూమ్ చేశాను చూడండి, కాగితం దూరేంత సందు.

మీ బండి ఎప్పుడైనా మునిగితే, నీళ్లు తీశాక తాళం తిప్పకండి. బ్యాటరీ వైరు తీసేయండి, నాజిళ్లు విప్పండి, ఇంజన్‌ని చేత్తో తిప్పితే లోపలి నీళ్లు ఆ రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. అప్పుడు ఆయిల్, ఫిల్టర్, గేర్ ఆయిల్, క్రౌన్ ఆయిల్ అన్నీ మార్చి, అప్పుడు స్టార్ట్. ఆయిల్ పాల కాఫీ రంగులో వస్తే ఒక్కసారి మార్చడం సరిపోదు, మళ్లీ మార్చాలి.

అన్నయ్య ఎంహాక్ ఆలోచన మానుకున్నాడు. నేను చట్టం చదివి వినిపించినందుకు కాదు లెండి, ఆ రాడ్ చూశాక. ఇంజన్ నంబర్ బ్లాక్ మీద కొట్టి ఉంటుంది. బ్లాక్ అదే ఉంచి బోరింగ్ చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు, మూడో రాడ్ కొత్తవి వేస్తే నంబర్ మారదు, ఆర్‌సీ ముట్టుకోనక్కర్లేదు. పంపు, నాజిళ్లు కూడా క్యాలిబ్రేషన్‌కి పంపించాం. బ్లాక్ ఖమ్మంలో లేత్ షాపులో ఉంది, క్రాంక్ కొలతలు బాగానే వచ్చాయని నిన్న ఫోన్ చేశారు. బిగించాక మొదటి 1000 కిలోమీటర్లు సగం లోడుతో, తర్వాత ఆయిల్ మార్చి అప్పుడు ఫుల్ లోడు. మిర్చి కోతలు మొదలయ్యేలోపు ఆ 1000 పూర్తి కావాలి, అందుకే అన్నయ్య రోజూ లేత్ షాపుకి ఫోన్ చేసి వాళ్ల ప్రాణం తీస్తున్నాడు.

ఇంజన్ బిగించే రోజు మళ్లీ వస్తా, కంప్రెషన్ నాలుగు సిలిండర్లకీ కెమెరా ముందే కొలుద్దాం. ఉంటాను ఫ్రెండ్స్.